తొలివాన రాత్రి, పెరట్లో

రండి. గేటు దగ్గర చూసుకుని నడవండి, ఎర్రమట్టి జారుతోంది. మధ్యాహ్నం పడమటి దిక్కున కమ్మిన మబ్బు నాలుగు గంటలకు విరుచుకుపడి, దీపాలు పెట్టే వేళకు తెరిపిచ్చింది. రోహిణి కార్తె పొడుగునా రోళ్ళు పగిలే ఎండ కాసింది. మృగశిర వచ్చి వారం దాటాక అనంతపురంలో పడిన తొలి పదును వాన ఇదే. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లే కురిసే సీమ ఇది. ఈ రాత్రి గడప దాటకపోతే మళ్ళీ ఇలాంటి రాత్రి కోసం వచ్చే మృగశిర దాకా ఎదురుచూడాలి.

పెరడు పెద్దదేం కాదు. కుడిచేతి వైపు గోడవారగా నందివర్ధనం, దాని పక్కన ఎర్ర గన్నేరు. బోరు నీళ్ళు పారే చోట రెండు ఆముదం చెట్లు. తర్వాత మునగ, కరివేపాకు, ఒక చీనీ చెట్టు. వెనక గోడ కనిపించకుండా అల్లుకున్నది తిప్పతీగ. గోడకవతల ఖాళీ ప్లాట్లు, వాటి వెనక దున్నడానికి సిద్ధంగా ఉన్న శెనక్కాయ చేలు. ఈ చెట్ల పేర్లు గుర్తుపెట్టుకోండి. ఈ రాత్రి వచ్చే అతిథుల్లో చాలామంది వీటి ఆకులు తిని పెరిగినవాళ్ళే.

మునగ కొమ్మకూ గోడమేకుకూ మధ్య కట్టిన తీగ మీద వేలాడుతున్నది మా నాన్న పంచె. రెండు మడతలు వేశాను. దాని ముందు మూరెడు దూరంలో 160 వాట్ల మెర్క్యురీ బల్బు, పైన గొడుగుపట్టిన రేకుముక్క. వేడెక్కిన గాజు మీద ఒక్క చినుకు పడినా బల్బు పగిలిపోతుంది. మీరు దానివైపు సూటిగా చూడకండి, పంచెనే చూడండి. ఆ వెలుగులో మన కంటికి ఆనని అతినీలలోహిత కాంతి కూడా ఉంది. పురుగుల కంటికి అది బాగా కనిపిస్తుంది.

స్విచ్చి వేసేముందు నోటుబుక్కులో పైన నాలుగు ముక్కలు రాయాలి: తేదీ, కార్తె, తిథి, వాన. ఇవాళ జ్యేష్ఠ బహుళ త్రయోదశి. చంద్రుడు తెల్లవారుజాము దాకా రాడు, వచ్చినా సన్నటి వంకే. తిథి ఎందుకంటారా? ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో సి.బి. విలియమ్స్ అనే శాస్త్రవేత్త 1933లో ఒక దీపపు ఎర పెట్టి, ఏళ్ళ తరబడి ప్రతి రాత్రీ పడిన పురుగులను లెక్కపెట్టించాడు. పున్నమి రాత్రుల్లో పడేవి తగ్గుతాయని ఆ లెక్కల్లోనే తేలింది. మనకు దానికోసం వేరే పట్టిక అక్కర్లేదు, గోడమీది క్యాలెండరు చాలు.

ఇదిగో, వేశాను.

మొదట ఉసిళ్ళు. వానకు పుట్టలు వదిలి లేచినవి లేచినట్టే దీపం మీద పడుతున్నాయి. మెడలోకి దూరితే కంగారుపడకండి, కుట్టవు. పావుగంటలో వాటి రెక్కలు రాలి పంచె కింద గుట్టపడతాయి. గోడమీది బల్లులకు ఇవాళ పండగ. కప్పలు అప్పుడే బోరుగుంటలోంచి ఒక్కొక్కటిగా గెంతుతూ వస్తున్నాయి. ఉసిళ్ళ జోరు తగ్గాకే అసలు పని మొదలవుతుంది.

ఇప్పుడు చూడండి, పంచె మీద కుడివైపు, మీ భుజం ఎత్తులో. తెలుపు రెక్కల మీద గోధుమరంగు చారలు, ముందు అంచు వెంబడి సన్నటి పసుపు గీత. దాని కింద ఇంకొకటి. అదిగో, స్తంభం మీద రెండు. ఇవి శెనక్కాయ రైతుకు బాగా తెలిసిన ఎర్ర గొంగళి పురుగుకు తల్లిదండ్రులు. శాస్త్రీయనామం అమ్‌సాక్టా అల్బిస్ట్రైగా. నిరుడు వానాకాలంలో పంట మేసిన గొంగళ్ళు చేను గట్ల పక్కన, చెట్ల మొదళ్ళలో, జానెడు లోతు మట్టిలో దిగి కోశాలయ్యాయి. శీతాకాలం, వేసవి మొత్తం అక్కడే గడిచింది. మధ్యాహ్నపు వాన ఆ లోతుకు ఇంకింది. చీకటి పడేసరికి రెక్కలు విప్పుకుని బయటకొచ్చాయి. ఆడది ఒకటి రెండు రాత్రుల్లోనే ఆకుల మీద వందల గుడ్లు పెట్టేస్తుంది.

గేటు చప్పుడైంది, పెద్దనాయన వచ్చాడు. ప్లాట్ల వెనక చేను ఆయనదే.

"ఏమప్పా, వచ్చినాయా?"

"వస్తాండాయి పెద్దనాయనా. ఇదో, చూడు."

ఆయన కళ్ళకు కండువా అడ్డం పెట్టుకుని వంగి చూశాడు. "ఇవే. మా నాయన కాలంలో తొలి పదును పడితే సాలు, సందేళకే గట్ల మీద కంపకు నిప్పు పెడ్తాంటిమి. యాడ జూసినా మంటలే. ఒగడు పెడితే లాభం ల్యా, ఊరంతా పెట్టల్ల. పొద్దున చూస్తే బూడిదలో రెక్కలే."

వ్యవసాయశాఖ ఇప్పటికీ చెప్పేది అదే: తొలకరి వాన పడిన వెంటనే, ఊరుమ్మడిగా, మంటలు గానీ దీపపు ఎరలు గానీ. ఈ పురుగు విషయంలో తేదీ అంత ముఖ్యం. నా పాత నోటుబుక్కుల్లో తొలివాన రాత్రుల దగ్గర ఈ పేరు ఎదురుగా అంకె లేదు, "లెక్కకు మించి" అని మాత్రమే రాసి ఉంది. తర్వాతి పుస్తకాల్లో లెక్కపెట్టగలిగినన్నే. మధ్యలో ఆ చేలు కొన్ని ప్లాట్లయ్యాయి, కొన్ని బీడయ్యాయి, శెనక్కాయ వేసే విస్తీర్ణం జిల్లాలోనే తగ్గింది. పెద్దనాయనకు ఈ రాత్రి నేను చెప్పగలిగేది ఒక్కటే, "రెండు మూడు రోజుల్లో గట్ల మీది ఆకులు తిరగేసి చూసుకో." ఆయన తలూపి అరుగు మీద కూర్చున్నాడు. తెల్లవార్లూ ఉంటాడు, నాకు తెలుసు.

దీపం చుట్టూ తిరుగుతున్న ఆ బూడిదరంగు పురుగును కాసేపు కళ్ళతో వెంబడించండి. ఎటు తిరిగినా దాని వీపు ఎటువైపుంది? దీపంవైపే. ఇప్పుడు బల్బు మీదుగా పోయింది చూశారా, వెల్లకిలా తిరగబడి నేల మీద పడింది. దీపానికి పురుగు ఎందుకు వస్తుందన్న ప్రశ్న మనిషికి నిప్పు తెలిసిన నాటిది. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో శామ్యూల్ ఫేబియన్, యశ్ సోంధీ బృందం అతివేగంగా తీసే కెమెరాలతో చూపించింది ఇదే. కోట్ల ఏళ్ళుగా రాత్రిపూట నేలకన్నా ఆకాశమే వెలుతురుగా ఉంటూ వచ్చింది. వీపు వెలుగుకు తిప్పుకుంటే చాలు, ఎగిరే పురుగుకు పైన ఏదో కింద ఏదో తెలిసిపోయేది. మనం పక్కన ఒక బల్బు వెలిగించేసరికి దానికి ఆకాశం పక్కకు వచ్చినట్టయింది. వీపు అటు తిప్పుతుంది, తిప్పినకొద్దీ దీపం చుట్టూ తిరుగుతుంది. దానికి దీపం మీద మోజేమీ లేదు, అది దారి తప్పింది. ఈ సంగతి చదివాక ఈ బల్బును ఎన్ని గంటలు వెలిగించాలో, వారానికి ఎన్ని రాత్రులు వెలిగించాలో నేను గట్టిగా హద్దు పెట్టుకున్నాను. వారానికి ఒక్క రాత్రి. అర్ధరాత్రి దాటి రెండయితే ఆర్పేస్తాను.

ఇంకొకటి చూపిస్తాను. మీ జేబులో తాళాల గుత్తి ఉందా? పంచెకు అంత దగ్గరగా కాదు, ఎగురుతున్నవాటి వైపు చెయ్యి చాపి ఒక్కసారి గలగలలాడించండి. చూశారా, రెండు టపటపా కిందికి రాలాయి, ఒకటి ఒడుపుగా పక్కకు దూకి చీకట్లో కలిసిపోయింది. మనకు వినిపించిన గలగలలో మనకు వినిపించని హెచ్చు స్థాయి ధ్వనులు కూడా ఉన్నాయి. గబ్బిలం వేటాడుతూ వేసే కేకలూ ఆ స్థాయివే. ఈ లద్దెపురుగుల జాతి రెక్కల పురుగుకు ఛాతీ వెనక చెరోవైపు ఒక చెవి, ఒక్కో చెవిలో ధ్వనిని పట్టే కణాలు రెండంటే రెండే. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ రోడర్ వాటిని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. దూరాన గబ్బిలమైతే దిశ మార్చుకోవడం, దగ్గరికొస్తే రెక్కలు ముడిచి రాలిపోవడం. ప్రాణం కాపాడుకోవడానికి ఆ రెండు కణాలు సరిపోతున్నాయి. చాలు, తాళాలు లోపల పెట్టేయండి. ఒకసారి చూస్తే చాలు, పదేపదే భయపెట్టకూడదు.

పది దాటింది. పంచె నిండుతోంది. ఇప్పుడు పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి వరుసగా రాద్దాం, మీరు టార్చి పట్టుకోండి.

పొగాకు లద్దెపురుగు. శనగపచ్చ పురుగు. ఆ నల్లటి వెనక రెక్క మీద తెల్లపట్టీ ఉన్నది ఆముదం నామాల పురుగు, ఈ బోరు పక్కన పుట్టిందే అయి ఉంటుంది. తెల్లటి రెక్కలకు ముదురు గోధుమ అంచు, తోక చివర కుచ్చు ఊపుతున్న ఆ చిన్నది దోస, కాకర పాదుల మీద పెరిగేది. ఇక ఇక్కడ ఆగండి. ఈ బూడిదరంగు దాని ముందు రెక్క కొసన చిన్న తెల్ల మచ్చ ఉంది, మధ్యలో ఏటవాలుగా లేత గుర్తు. ఇది మగ కత్తెర పురుగు. అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో దిగి, 2018లో కర్ణాటక మొక్కజొన్న చేలల్లో బయటపడి, అదే ఏడాది తెలుగు రాష్ట్రాలకూ పాకింది. అంతకుముందు నేను రాసిన పుస్తకాలు ఎన్ని తిరగేసినా ఈ పేరు లేదు. ఒక పేరు ఫలానా ఏడు దాకా లేదు అని ధైర్యంగా చెప్పగలగాలంటే అది లేని రాత్రులు కూడా రాసిపెట్టి ఉండాలి. పెరటి పుస్తకానికి ఉన్న అసలు విలువ అక్కడుంది.

మిగతావాటిలో సగానికి నాకు తెలిసిన తెలుగు పేర్లు లేవు. మన దేశంలో రాత్రి రెక్కల పురుగులు పదివేల జాతులకు పైనే. పగటి సీతాకోకచిలుకలు పదిహేను వందల లోపే. నీలగిరుల్లో తేయాకు తోటల పనికి వచ్చి వీటి మీద మక్కువ పెంచుకున్న జార్జ్ హాంప్సన్ 1892 నుంచి 1896 దాకా నాలుగు సంపుటాల్లో వీటిని వర్ణించాడు. ఇప్పటికీ పేరు తేలని పురుగు దగ్గర ఆ సంపుటాల దాకా వెళ్ళాల్సి వస్తుంది. పేరు తెలియకపోతే కొలబద్ద పక్కన పెట్టి ఫోటో తీసి, "బూడిద, మూడు చుక్కలు, అంగుళంలోపు" అని రాస్తాం. పేరు తర్వాత వస్తుంది. తేదీ మాత్రం తర్వాత రాదు.

పుస్తకం ఎప్పుడు తిరగేసినా ఒక చిత్రం కనిపిస్తుంది. కొన్ని పేర్లు ప్రతి పుటలోనూ గుంపులుగా ఉంటాయి. చాలా పేర్లు ఇన్నేళ్ళలో ఒక్కసారే వచ్చాయి. ఇది ఈ పెరటి వింత కాదు. ఇందాక చెప్పిన విలియమ్స్ తన దీపపు ఎర లెక్కలను గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ ముందు పెట్టాడు. సంఖ్యకూ జాతులకూ మధ్య ఉన్న ఆ పొందికకు ఫిషర్ ఒక సూత్రం కట్టాడు, 1943లో అచ్చయింది. జీవవైవిధ్యాన్ని లెక్కగట్టేవాళ్ళు ఇప్పటికీ వాడే కొలతల్లో అదొకటి. మన సి.ఆర్. రావుగారు కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసింది ఆ ఫిషర్ దగ్గరే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివిన మనవాడి గురువు, పురుగుల చిట్టా నుంచి సూత్రం తీశాడన్నది తలుచుకుంటే నాకు ఈ పని చిన్నదని ఎప్పుడూ అనిపించదు.

పన్నెండు కావస్తోంది. చీనీ చెట్టు దగ్గరికి రండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, లేకపోతే లేచిపోతాయి. ఈ కింది కొమ్మకు వేలాడే కాయ మీద ఎండుటాకు పడింది అనుకుంటున్నారు కదూ? దగ్గరగా చూడండి. ఆ ఆకుకు కాళ్ళున్నాయి. తల దగ్గర నుంచి గట్టి నల్లటి తొండం ఒకటి తొక్కలోకి దిగి ఉంది. తల అటూ ఇటూ కదిపి గుచ్చుతోంది. సీతాకోకచిలుక తొండం మెత్తనిది, పువ్వులో తేనె పీలుస్తుంది. దీని తొండం కొస ముళ్ళతో గట్టిపడింది, చీనీ తొక్కను చీల్చగలదు. ఇప్పుడు అది రెక్క విప్పింది. లోపలి రెక్కలు నిప్పు రంగు, నల్లటి అంచు, నడుమ నల్లటి గుండ్రటి మచ్చ. యూడోసిమా మాటెర్నా. రెక్క మూసింది, మళ్ళీ ఎండుటాకు.

తెల్లారేసరికి ఆ రంధ్రం చుట్టూ మెత్తబడుతుంది, తర్వాత కుళ్ళి కాయ రాలుతుంది. అనంతపురం చీనీ తోటల్లో దీని వల్ల నష్టపోయిన రైతులను అడగండి, చెబుతారు. అయితే దీని గొంగళిపురుగు చీనీ ఆకు ముట్టదు. అది పెరిగేది అదిగో, వెనక గోడ మీది తిప్పతీగ మీద. పొలంగట్ల మీద పాకే దూసరితీగ మీద కూడా. తోట చుట్టూ ఈ తీగలు పీకేయమని తోటల రైతులకు చెబుతారు. 2020లో కరోనా వచ్చాక కషాయం కోసం అందరూ పెంచడంతో మా వీధిలో తిప్పతీగ పాకని గోడ లేదు. ఆ తర్వాతి పుస్తకాల్లో ఈ పేరు తరచుగా వస్తోంది. ఈ రెంటికీ సంబంధం ఉందని ఒక్క పెరడు చూసి నేను తీర్మానించలేను, నాలుగు వీధుల్లో నలుగురు రాస్తే తేల్చవచ్చు.

పెద్దనాయన చీకట్లోంచే అన్నాడు, "ఆ తీగ పీకేయి అప్పా. నా తమ్ముని తోట ఆడికి రెండు మైళ్ళే."

"పెద్దమ్మ ప్రతి శనివారం కషాయానికి ఈ ఆకే కోసుకపోతుంది కదా పెద్దనాయనా."

ఆయన మాట్లాడలేదు. ఆలోచించాల్సిన మాటే అది. తోటల నడుమ ఉంటే నేనూ పీకేసేవాణ్ణి. ఇక్కడ మాత్రం, తీగను ఉంచి గొంగళ్ళను చేతితో ఏరాలని నిశ్చయించుకున్నాను.

గాలి చల్లబడింది. ఒంటిగంట తర్వాత పెద్దవి వస్తాయి. నందివర్ధనం వైపు నుంచి ఆ బరువైన రెక్కల చప్పుడు విన్నారా? గోడకు తగిలి పంచె అంచున వాలింది. కదలకండి. ఆకుపచ్చ, లేత గులాబీ, తెలుపు కలిసి పాలరాతి చారలు. మూడంగుళాలకు పైనే రెక్కల వెడల్పు. ఇది గన్నేరు మీద పెరిగే డాఫ్నిస్ నెరీ. గన్నేరు ఆకు పశువు తింటే చస్తుంది. దీని గొంగళికి అదే అన్నం, నందివర్ధనం, బిళ్ళగన్నేరు కూడా. ఆ గొంగళి ఆకుపచ్చగా, మెడ దగ్గర నీలం, తెలుపు కలిసిన రెండు కళ్ళతో ఉంటుంది. అవి నిజం కళ్ళు కావు. పిట్ట ముక్కు పెట్టబోయిన క్షణంలో మెడ ఉబ్బిస్తే ఆ కళ్ళు పెద్దవవుతాయి. కొన్ని వారాల కిందట కొమ్మ కింద పడి ఉన్న లావుపాటి ఆకుపచ్చ రెట్టలు చూసినప్పటి నుంచి దీనికోసం ఎదురుచూస్తున్నాను.

ఇంకొక అతిథి. స్తంభం మీద, అరచేతి వెడల్పున, నల్లటి ఒళ్ళు, పసుపు చారల పొట్ట. వీపు మీద టార్చి వెయ్యండి: పుర్రె బొమ్మ. కొందరు దీన్ని చూసి కీడంటారు, కొట్టి చంపుతారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. ఇది చేసే కీడల్లా తేనెపట్టులో దూరి కాస్త తేనె తాగడమే, గొంగళిగా ఉన్నప్పుడు నువ్వుచేలో నాలుగు ఆకులు తినడమే. మెల్లగా వేలు తాకించండి. అరిచింది! రబ్బరు బొమ్మను నొక్కితే వచ్చే కీచుమనే చప్పుడు. గొంతులోకి గాలి పీల్చి తొండం గుండా వదిలి అది చేసే అరుపు అది. రెక్కల పురుగు అరవడం చాలామంది వినలేదు, మీరు విన్నారు.

రెండయింది. రాసిన వరుసలు ఒకసారి సరిచూసుకుని ఆర్పేస్తాను. ఆర్పకుండా తెల్లారనిస్తే ఏమవుతుందో తెలుసా? నల్లంచి పిట్టలు, పిగిలిపిట్టలు త్వరగా నేర్చుకుంటాయి. పొద్దు పొడవకముందే వచ్చి పంచె మీద ఉన్నవాటిని ఒక్కటి మిగల్చకుండా ఏరుకుపోతాయి. అందుకే దీపం ఆర్పి, పంచెను గన్నేరు పొదలోకి నెమ్మదిగా విదిలిస్తాం. చెయ్యి వెయ్యండి, అటు అంచు మీరు పట్టుకోండి. గట్టిగా కాదు.

మీరు ఇంటికి వెళ్ళేముందు ఒక్క మాట. బ్రిటన్‌లో 1968 నుంచి ఊళ్ళూ తోటలూ కలిపి రాత్రి రెక్కల పురుగుల లెక్క నడుస్తోంది. 2017 వరకు ఆ యాభై ఏళ్ళలో పెద్ద జాతి మాత్‌ల, అంటే ఈ రాత్రి రెక్కల పురుగుల, మొత్తం సంఖ్య మూడోవంతు తగ్గిందని 2021లో ప్రకటించారు. తగ్గినట్టు తెలిసిందంటే ఆ రాత్రులన్నీ ఎవరో రాశారు గనుకే. మన పరిశోధనా కేంద్రాల్లో పంట పురుగులకు దీపపు ఎరల లెక్కలున్నాయి. పంటకు సంబంధం లేని వేల జాతులకు మాత్రం మన పెరళ్ళే దిక్కు. నిపుణులు కానక్కర్లేదు. మెర్క్యురీ బల్బూ అక్కర్లేదు, వరండా బల్బు, తెల్ల దుప్పటి, పెన్సిలు, ఫోన్ కెమెరా చాలు. 2012 నుంచి ఏటా జూలై చివరి వారంలో ప్రపంచమంతా మాత్‌ల వారం జరుపుకుంటోంది, మన దేశంలోనూ చాలామంది దీపం పెడుతున్నారు. ఈసారి మీ పెరట్లో కూడా పెట్టండి. తేదీ, తిథి, వాన, వచ్చినవాటి వివరం రాయండి. ఏమీ రాని రాత్రి సున్నా రాయండి. వచ్చే ఏడాది అదే వారం మళ్ళీ పెట్టండి.